"2 టీబీ లన్ కావాలి" అంటే ముందు ఏం అడగాలి
(స్టోరేజ్ పనిలోకి కొత్తగా వచ్చిన అడ్మిన్ల కోసం చేసిన ప్రసంగం. మాట్లాడిన తీరు పెద్దగా మార్చకుండా అక్షరాల్లో పెట్టాం.)

నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

లన్ అంటే అర్రేలోంచి, అంటే డిస్కులు నింపిన స్టోరేజ్ పెట్టెలోంచి, కొంత చోటు విడదీసి సర్వర్‌కి ఒక డిస్కులా చూపించేది. ఏ కంపెనీ అర్రే అయినా సరే, లన్ తీయడం రెండు నిమిషాల పని. పూల్ (చాలా డిస్కుల చోటు కలిపిన కుప్ప) ఎంచుకుంటారు, పేరు కొడతారు, సైజు కొడతారు, నెక్స్ట్, నెక్స్ట్, ఫినిష్. అది మాన్యువల్ చూసి ఎవరైనా చేస్తారు, దానికోసం మీరంతా వచ్చి ఇక్కడ కూర్చోనక్కర్లేదు. నేను చెప్పాలనుకున్నది ఆ ఫినిష్ బటన్ నొక్కే ముందు అడగాల్సిన ప్రశ్నల గురించి, నొక్కాక ఆ లన్ బతికినన్నాళ్లూ, దాన్ని తీసేసే రోజుతో సహా, మనం పడే తిప్పల గురించి. అక్కడ పెట్టిన కొన్ని సెట్టింగులు తర్వాత మారవు, మారేవాటిలో చాలావాటికి డౌన్‌టైమ్ కావాలి, డౌన్‌టైమ్ అడిగితే అప్లికేషన్ వాళ్ల మొహాలు ఎలా ఉంటాయో మీకు తెలియంది కాదు.

మనకు వచ్చే టికెట్ ఇలా ఉంటుంది: "డేటాబేస్ సర్వర్‌కి 2 టీబీ లన్ కావాలి, అర్జెంట్." ఇందులో పనికొచ్చే సమాచారం సైజు ఒక్కటే. అర్జెంట్ అన్నది సమాచారం కాదు, అలవాటు. ఏ సర్వర్లకి, ఒక్కదానికేనా లేక క్లస్టరా (కలిసి ఒకటిగా పనిచేసే సర్వర్ల గుంపా), ఏ ఆపరేటింగ్ సిస్టమ్, చదవడం ఎక్కువా రాయడం ఎక్కువా, ఏడాదికి ఎంత పెరుగుతుంది, స్నాప్‌షాట్లు (ఆ క్షణానికి డేటా ఎలా ఉందో దాని నకళ్లు) తీయాలా, ఇంకో సైట్‌కి రెప్లికేషన్ (డేటా నకలు పంపుతూ ఉండటం) ఉందా, ఇవేవీ అందులో ఉండవు. ఇవి అడక్కుండా లన్ ఇచ్చారంటే ఆ జవాబులన్నీ మీరే ఊహించుకుని ఇచ్చేశారన్నమాట. రేపు ఏదైనా తేడా వస్తే "స్టోరేజ్ స్లో" అనే మాట మీ మీదకే వస్తుంది.

ఆ సైజు కూడా పూర్తి సమాచారం కాదు. డిస్కులు తయారుచేసేవాళ్లు 1 టీబీ అంటే లక్ష కోట్ల బైట్లు అని లెక్క వేస్తారు. ఆపరేటింగ్ సిస్టమ్‌లు, చాలా అర్రేలు 1024 గుణకాల్లో లెక్క వేస్తాయి. టెరా స్థాయికి వచ్చేసరికి ఈ తేడా 9 శాతం దాటుతుంది, అంటే పెట్టె మీద 100 టీబీ అని రాసి ఉన్నది సర్వర్‌లో దాదాపు 91గా కనిపిస్తుంది. ఎవరూ ఎక్కడా దొంగిలించలేదు, లెక్క వేరు, అంతే. ఇది ఎక్కడ కొరుకుతుందంటే రెప్లికేషన్‌లో. ఇటుపక్క లన్, అటుపక్క లన్ ఒక్క బ్లాక్ (డిస్కు చోటుని కొలిచే చిన్న ముక్క) కూడా తేడా లేకుండా ఒకే సైజు ఉండాలి అనే అర్రేలు ఉన్నాయి, రెండు వైపులా వేర్వేరు మోడళ్లు ఉంటే రెండు స్క్రీన్ల మీదా "2 టీబీ" అనే కొట్టినా జత కుదరదు. అలాంటిచోట జీబీల్లో కాదు, బ్లాకుల సంఖ్యలో సైజు ఇవ్వండి.

2 అనే అంకెతో ఇంకో చిక్కు ఉంది. డిస్కులో ఏ భాగం ఎక్కడుందో రాసే పార్టిషన్ పట్టికల్లో పాత రకం ఎంబీఆర్, అందులో సెక్టార్ నంబర్‌కి 32 బిట్లే చోటు, 512 బైట్ల సెక్టార్లతో లెక్కేస్తే సరిగ్గా 2 టెబీబైట్ల (1024 గుణకాల లెక్కలో 2 టీబీ) దగ్గర ఆగిపోతుంది. ఇవాళ 2 ఇస్తారు, ఆరు నెలలకు 3 చేయమంటారు, మీరు అర్రే మీద పెంచుతారు, సర్వర్‌లో మాత్రం ఆ పైది వాడుకోలేరు. అందుకే లన్ ఇచ్చేటప్పుడే సర్వర్ వాళ్లకి చెప్పండి, సైజు ఎంత చిన్నదైనా ఎంబీఆర్ కాదు, ఆ హద్దు లేని కొత్త రకం పట్టిక జీపీటీయే పెట్టమని.

ఇక కిందకి దిగుదాం, లన్ దేని మీద కూర్చుంటుంది అన్న విషయానికి. డిస్కులు కలిపి రెయిడ్ గ్రూపులు (డిస్కు పోయినా డేటా పోకుండా కట్టిన గుంపులు), రెయిడ్ గ్రూపులు కలిపి పూల్, పూల్‌లోంచి లన్. 1988లో బర్కిలీలో ప్యాటర్సన్, గిబ్సన్, కాట్జ్ రెయిడ్ మీద పేపర్ రాసినప్పటి నుంచి మూల సూత్రం పెద్దగా మారలేదు: డిస్కు పోయినా డేటా ఉండాలంటే ఎక్కడో అదనంగా రాయాలి, ఆ అదనపు రాతకి ధర కట్టాలి. రెయిడ్ 10లో ప్రతిదానికీ రెండో నకలు ఉంటుంది కాబట్టి ఒక రాతకి రెండు రాతలు. రెయిడ్ 5లో చిన్న రాత ఒకటి వస్తే పాత డేటా చదవాలి, పాత పారిటీ (పోయిన డిస్కులోని డేటాని తిరిగి లెక్కకట్టడానికి రాసుకునే అదనపు సమాచారం) చదవాలి, కొత్త డేటా రాయాలి, కొత్త పారిటీ రాయాలి, మొత్తం నాలుగు పనులు. రెయిడ్ 6లో పారిటీలు రెండు కాబట్టి ఆరు.

లెక్క వేసి చూద్దాం, ఎందుకంటే దీన్ని నోటితో చెబితే ఎవరూ నమ్మరు. ఒక అప్లికేషన్‌కి 2,000 ఐఓపీఎస్, అంటే సెకనుకి 2,000 చదివే, రాసే పనులు, కావాలి, అందులో 70 శాతం చదవడం, 30 శాతం రాయడం అనుకోండి. చదవడం 1,400, రాయడం 600. రెయిడ్ 10 మీద డిస్కులు చేయాల్సిన పని 1,400కి 1,200 కలిపి 2,600. రెయిడ్ 5 మీద 1,400కి 2,400 కలిపి 3,800. రెయిడ్ 6 మీద 1,400కి 3,600 కలిపి 5,000. 10,000 ఆర్‌పీఎం డిస్కు ఒకటి సుమారు 150 ఐఓపీఎస్ ఇస్తుందనుకుంటే వరసగా 18, 26, 34 డిస్కులు కావాలి. అదే రెయిడ్ 6ని 7,200 ఆర్‌పీఎం డిస్కుల మీద, ఒక్కోటి 80 ఇస్తుందనుకుని పెడితే 63 డిస్కులు. ఇప్పుడు టికెట్ గుర్తుచేసుకోండి: 2 టీబీ. చోటు కోసమే అయితే నాలుగైదు డిస్కులు చాలు. సైజు చూసి పూల్ ఎంచుకున్నవాడికీ, పని చూసి ఎంచుకున్నవాడికీ మధ్య తేడా ఇంత ఉంటుంది. నడుమ క్యాష్, అంటే రాతల్ని ముందు పట్టి ఉంచే వేగమైన మెమరీ, ఉంది, అది చాలా కాపాడుతుంది, కాదనను, కానీ రాత్రి బ్యాచ్ గంటలకొద్దీ ఆగకుండా రాస్తుంటే క్యాష్ నిండిపోతుంది, అప్పుడు కనిపించేది కింద ఉన్న డిస్కుల అసలు వేగమే.

ఆల్‌ఫ్లాష్ అర్రే (తిరిగే డిస్కులు లేకుండా అంతా ఫ్లాష్ చిప్‌లే) ఉన్నవాళ్లకి ఈ లెక్క కంటికి కనపడదు. వాటిలో చాలావరకు రాతల్ని ముందు మెమరీలో పట్టి, పోగేసి, పూర్తి స్ట్రైప్‌గా (గ్రూపులోని డిస్కులన్నిటి మీదా పరిచే ఒక వరసగా) ఒకేసారి రాస్తాయి, కాబట్టి పాత పారిటీ చదివే పనే తక్కువ. రెయిడ్ ఏం కావాలని కూడా అవి మిమ్మల్ని అడగవు. మంచిదే. అలాగని మీ దగ్గరున్న ప్రతి పూల్ ఫ్లాషే అనుకోకండి, బ్యాకప్‌కీ ఆర్కైవ్‌కీ ఇప్పటికీ తిరిగే డిస్కులు ఉన్నాయి, ఎవరో ఒకరు "కొన్నాళ్లే, టెస్ట్ కోసం" అని డేటాబేస్‌ని అక్కడ పెట్టమంటారు. ఆ టెస్ట్ ఎప్పుడు ప్రొడక్షన్ అయిపోయిందో మీకు ఎవరూ చెప్పరు.

ఇప్పుడు థిక్, థిన్. థిక్ అంటే 2 టీబీ ఇస్తే పూల్‌లో 2 టీబీ అప్పుడే పక్కకి తీసిపెట్టినట్టు. థిన్ అంటే సర్వర్‌కి 2 టీబీ అని చూపిస్తాం, రాసేకొద్దీ పూల్‌లోంచి తీసుకుంటుంది. అడిగిన చోటంతా ఎవరూ మొదటిరోజే వాడరు కాబట్టి థిన్ అర్థవంతమైన ఏర్పాటే, ఇవాళ చాలా అర్రేల్లో మొదట వచ్చేది అదే. గొడవల్లా ఇక్కడ మనం 40 సీట్ల బస్సుకి 100 టికెట్లు అమ్ముతున్నామన్నది మర్చిపోవడంలో ఉంది.

పూల్ 100 టీబీ, ఇచ్చిన లన్లు కలిపితే 250 టీబీ అనుకోండి. పూల్ నిండిన రోజు ఏమవుతుంది? సర్వర్‌లో చూస్తే డిస్కులో సగం ఖాళీగా కనిపిస్తుంటుంది. అప్లికేషన్ రాయబోతుంది, అర్రే చోటు లేదంటుంది, ఫైల్ సిస్టమ్ రీడ్-ఓన్లీకి పోతుంది, లేదా అర్రే ఆ లన్‌నే ఆఫ్‌లైన్ చేస్తుంది. అందులోనూ పడేది ఒక్క లన్ కాదు, ఆ పూల్ పంచుకున్న లన్లలో రాతలు వచ్చే ప్రతి ఒక్కటీ. నింపింది ఒకడు, మునిగేది అందరూ. సర్వర్ వాళ్లకి ఇది అర్థమయ్యేలా చెప్పడానికి అరగంట పడుతుంది, ఎందుకంటే వాళ్ల స్క్రీన్ మీద ఖాళీ చోటు కనిపిస్తూనే ఉంటుంది.

కాబట్టి అలర్ట్ 90 శాతం దగ్గర పెట్టుకుని నిద్రపోకండి. శాతం కన్నా రోజులు చూడండి. 70 శాతం నిండిన 100 టీబీ పూల్‌లో మిగిలింది 30 టీబీ, రోజుకి 250 జీబీ చొప్పున పెరుగుతుంటే 120 రోజులు, ఎవరో డేటా మైగ్రేషన్ మొదలుపెట్టి రోజుకి 1 టీబీ పోస్తుంటే 30 రోజులు. డిస్కులు కొనాలంటే కొటేషన్, అనుమతి, ఆర్డర్, రవాణా, బిగింపు, వీటన్నిటికీ మీ సంస్థలో ఎన్నాళ్లు పడుతుందో మీకు తెలుసు కదా. ఆ అంకె కన్నా మిగిలిన రోజులు తక్కువగా ఉంటే మీరు అప్పటికే ఆలస్యమైనట్టు, పూల్ 70 శాతమే కావచ్చు గాక.

ఇంకో సంగతి, దీన్ని చాలామంది పట్టించుకోరు. సర్వర్‌లో ఫైళ్లు డిలీట్ చేస్తే అర్రేకి ఆ విషయం తెలియదు. ఫైల్ సిస్టమ్ తన పట్టికలో "ఇది ఖాళీ" అని రాసుకుంటుంది, అర్రే దృష్టిలో ఆ బ్లాకులు ఇంకా వాడకంలోనే ఉన్నాయి. ఆ కబురు కిందకి చేరవేసేది స్కజీలో, అంటే సర్వర్లూ డిస్కులూ మాట్లాడుకునే భాషలో, అన్‌మ్యాప్ అనే కమాండ్. విండోస్ సర్వర్ 2012 నుంచి దాని ఫైల్ సిస్టమ్ ఎన్‌టీఎఫ్ఎస్ డిలీట్ చేసినప్పుడు దాన్ని పంపుతుంది. లినక్స్‌లో ఆ పని చేసే ఎఫ్ఎస్‌ట్రిమ్‌ని వారానికోసారి నడిచేలా పెట్టుకోవాలి. వీఎంవేర్‌లో దాని ఫైల్ సిస్టమ్ వీఎంఎఫ్ఎస్ 5 అయితే చేత్తో నడపాలి, వీఎంఎఫ్ఎస్ 6 నుంచి దానంతట అదే నెమ్మదిగా చేస్తుంది. ఇవి నడవని చోట థిన్ లన్ కొన్నాళ్లకి థిక్ అయిపోతుంది, పేరు మాత్రం థిన్.

డీడూప్ (ఒకేలాంటి డేటాని ఒక్కసారే దాచడం), కంప్రెషన్ (డేటాని కుదించడం) మీద కూడా ఒక్క మాట. అర్రే అమ్మేటప్పుడు ఇంతకు అంత వస్తుందని ఒక నిష్పత్తి చెబుతారు. అది మీ డేటాని బట్టి ఉంటుంది. డేటాబేస్ వాళ్లు ఒక శుభముహూర్తాన సెక్యూరిటీ కోసం తమ వైపే ఎన్‌క్రిప్షన్ ఆన్ చేశారనుకోండి, అప్పటివరకు మూడో వంతుకి కుదించుకుపోయిన డేటా ఇకపై అస్సలు కుదించుకోదు. లన్ సైజు మారలేదు, కొత్త డేటా రాలేదు, పూల్ మాత్రం ఉబ్బుతుంది. అందుకే టికెట్‌లో అడగండి: డేటా ఎన్‌క్రిప్ట్ చేస్తున్నారా, ఇప్పుడు కాకపోతే తర్వాత చేసే ఆలోచన ఉందా?

సరే, లన్ తీశాం. ఎవరికి కనపడాలి? నన్నడిగితే ఈ పని మొత్తంలో భయపడాల్సిన చోటు ఇదే. స్లో అయితే తిట్లు తింటాం, తప్పు సర్వర్‌కి కనపడితే డేటా పోతుంది.

లన్‌కి తనంతట తానుగా తాళం ఏమీ ఉండదు. రెండు సర్వర్లకి ఒకే లన్ కనిపిస్తే, రెండూ దాన్ని తమ సొంత డిస్కే అనుకుంటాయి. ఎన్‌టీఎఫ్ఎస్, ఈఎక్స్‌టీ4, ఎక్స్‌ఎఫ్ఎస్ లాంటి మామూలు ఫైల్ సిస్టమ్‌లు ఇంకొకరు కూడా రాస్తున్నారని ఊహించవు, ఒకదాని రాతల మీద ఇంకొకటి రాసి కాసేపట్లో ఫైల్ సిస్టమ్‌ని తినేస్తాయి. పంచుకోవాలంటే పైన క్లస్టర్ ఫైల్ సిస్టమ్ ఉండాలి, వీఎంఎఫ్ఎస్ లాగా, లేదా స్కజీ-3 పర్సిస్టెంట్ రిజర్వేషన్‌తో ఒకసారికి ఒక్కరే రాసేలా చూసే క్లస్టర్ సాఫ్ట్‌వేర్ ఉండాలి. సాన్‌లు, అంటే సర్వర్లనీ అర్రేలనీ కలిపే స్టోరేజ్ నెట్‌వర్క్‌లు, వచ్చిన తొలిరోజుల్లో విండోస్ ఎన్‌టీ సర్వర్‌ని కలిపితే కనిపించిన ప్రతి డిస్కు మీదా తన సంతకం రాయబోయేది, అది పక్క యూనిక్స్ సర్వర్ డిస్కు అయినా సరే. లన్ మాస్కింగ్ (ఏ సర్వర్‌కి ఏ లన్ కనపడాలో అర్రేలో కట్టడి చేయడం) అనేది అంత అవసరంగా మారడానికి అలాంటి గొడవలే కారణం. తర్వాత విండోస్ సర్వర్ 2008లో సాన్ పాలసీ అని తెచ్చారు, అందులో కొన్ని ఎడిషన్లు పంచుకున్న బస్ (డిస్కులకి వెళ్లే దారి) మీద కొత్తగా కనిపించిన డిస్కుని ఆఫ్‌లైన్‌లోనే ఉంచుతాయి. అయినా నమ్ముకోవాల్సింది మాస్కింగ్‌నే.

ఫైబర్ ఛానల్‌లో, అంటే స్టోరేజ్ కోసమే వేసే నెట్‌వర్క్‌లో, కాపలా రెండు చోట్ల. స్విచ్‌లో జోనింగ్, అర్రేలో మాస్కింగ్. జోన్ చెప్పేది ఏ పోర్టు ఏ పోర్టుతో మాట్లాడొచ్చు అని, మాస్కింగ్ చెప్పేది మాట్లాడాక ఏ లన్లు కనపడాలి అని. ఒక జోన్‌లో ఒకే హెచ్‌బీఏ (సర్వర్‌ని ఈ నెట్‌వర్క్‌కి కలిపే కార్డు) పోర్టు పెట్టండి, దాంతోపాటు అర్రే పోర్టులు. "అన్నీ ఒకే జోన్‌లో పడేద్దాం, పని తొందరగా అవుతుంది" అన్నవాళ్లు ఒక సర్వర్ రీబూట్ అయినప్పుడల్లా మిగతావాటన్నిటికీ ఆ సందడి వినిపించేలా చేసుకుంటారు. డబ్ల్యూడబ్ల్యూపీఎన్ అంటే ఆ పోర్టుని గుర్తించే పేరు, 16 హెక్స్ అంకెలు, దాన్ని ఫోన్‌లో చదివించుకుని టైప్ చేయకండి దయచేసి. స్విచ్‌లో లాగిన్ అయిన పోర్టుల జాబితా నుంచి కాపీ చేయండి. అలాగే పోర్టు పేరు, నోడ్ పేరు అని రెండు ఉంటాయి, చూడ్డానికి ఒకేలా ఉంటాయి, మనకి కావాల్సింది పోర్టుది. హెచ్‌బీఏ కార్డు మారిస్తే ఆ నంబర్ మారుతుంది, అప్పుడు జోన్‌లోనూ మార్చాలి, అర్రేలోనూ మార్చాలి, ఒకచోట మార్చి ఇంకోచోట వదిలేసి "పాత్‌లు సగమే వస్తున్నాయేంటి" అని తలపట్టుకోవడం రోజూ చూస్తాం.

అర్రే వైపు ఈ మాస్కింగ్ గ్రూపుని ఒక్కో కంపెనీ ఒక్కో పేరుతో పిలుస్తుంది. నెట్‌యాప్‌లో ఐగ్రూప్, హిటాచీలో హోస్ట్ గ్రూప్, ఈఎంసీ వీఎన్ఎక్స్‌లో స్టోరేజ్ గ్రూప్. వీమ్యాక్స్‌లో అయితే ఇనీషియేటర్ల (సర్వర్ వైపు పోర్టుల) గ్రూపు, అర్రే పోర్టుల గ్రూపు, స్టోరేజ్ గ్రూపు మూడూ కలిపితే మాస్కింగ్ వ్యూ. పని ఒకటే. ఇక్కడ హోస్ట్ టైప్ అని ఒకటి అడుగుతుంది, లినక్సా, విండోసా, వీఎంవేరా అని. అది అలంకారం కోసం కాదు. దాన్ని బట్టి అర్రే సర్వర్‌కి ఇచ్చే జవాబులు మారతాయి. కొన్ని అర్రేల్లో ఈ రకాన్ని లన్‌కే కట్టేస్తారు, తీశాక మార్చడం కుదరదు. చూసి పెట్టండి.

క్లస్టర్ అయితే లన్‌ని ఒక్కో సర్వర్‌కి విడివిడిగా కాకుండా క్లస్టర్ గ్రూపుకి ఇవ్వండి, అప్పుడు అన్ని సర్వర్లలోనూ లన్ నంబర్ ఒకటే వస్తుంది. సాన్ నుంచి బూట్ అయ్యే సర్వర్ల బూట్ లన్ మాత్రం పొరపాటున కూడా ఆ గ్రూపులో పడకూడదు, అది ఎవరిది వాళ్లకే. ఇక లన్ 0 సంగతి. సర్వర్ తన ముందున్న లన్లేమిటని అడిగేది సాధారణంగా లన్ 0నే. అక్కడ ఏదీ లేకపోతే కొన్ని పాత సిస్టమ్‌లు మిగతావి చూడకుండానే వెనక్కి వెళ్లిపోయేవి. ఈఎంసీ అర్రేల్లో ఏమీ మ్యాప్ చేయకముందే లన్‌జెడ్ అని ఒకటి కనిపిస్తుంది చూశారా, అది డిస్కు కాదు, ఈ పలకరింపుకి జవాబు చెప్పడానికి పెట్టిన డమ్మీ. దాన్ని ఫార్మాట్ చేయబోయి ఎర్రర్ వస్తోందని టికెట్ పెడతారు.

మల్టీపాథింగ్, అంటే ఒకే లన్‌కి చాలా దారులు (పాత్‌లు) ఉండటం, దాని దగ్గర కాసేపే ఆగుతాను. సర్వర్‌లో రెండు హెచ్‌బీఏ పోర్టులు, ఒక్కోటి రెండు అర్రే పోర్టులతో జోన్ చేస్తే నాలుగు పాత్‌లు, అంటే మల్టీపాత్ సాఫ్ట్‌వేర్ లేకపోతే ఒకే లన్ నాలుగు డిస్కులుగా కనిపిస్తుంది. లినక్స్‌లో డీఎం-మల్టీపాత్, విండోస్‌లో ఎంపీఐఓ వీటిని ఒకటి చేస్తాయి. రెండు కంట్రోలర్లు (అర్రేని నడిపే కంప్యూటర్లు) ఉన్న అర్రేల్లో చాలావాటిలో లన్‌కి ఒక కంట్రోలర్ సొంతం, ఆ వైపు పాత్‌లు దగ్గరివి, రెండోవైపువి చుట్టుదారి. ఏది దగ్గరిదో సర్వర్‌కి చెప్పే పద్ధతినే అలువా అంటారు. అది సరిగా లేకపోతే పని నడుస్తుంది, చుట్టుదారిలో నడుస్తుంది, ఎవరికీ కారణం దొరకదు. పాత్‌లు ఎక్కువుంటే మంచిదని ఎనిమిది, పదహారు పెట్టకండి. వీఎంవేర్ వాళ్ల ఈఎస్ఎక్స్ఐ 6.7లో హోస్ట్‌కి (ఒక్కో సర్వర్‌కి) 1,024 లన్లు, 4,096 పాత్‌లు హద్దు. లన్‌కి ఎనిమిది పాత్‌లు పెడితే 512 లన్ల దగ్గరే పాత్‌లు అయిపోతాయి. నాలుగు చాలు. ఆ నాలుగూ నిజంగా పనిచేస్తున్నాయో లేదో సర్వర్ ప్రొడక్షన్‌కి వెళ్లకముందే ఒక్కో పోర్టు ఆపి చూడండి, కేబుల్ పోయిన రోజు తెలుసుకోవడం కన్నా అది నయం.

ఒకే పెద్ద లన్ మేలా, చిన్నవి చాలా మేలా అని ప్రతిసారీ అడుగుతారు. సర్వర్ వైపు ప్రతి లన్‌కి ఒక క్యూ ఉంటుంది, డ్రైవర్‌ని బట్టి 32 లేదా 64 లాంటి లోతుతో. ఒకే లన్ మీద భారమంతా పడితే అర్రే ఖాళీగా ఉన్నా సర్వర్ క్యూలో పనులు ఆగుతాయి. అందుకే బరువైన డేటాబేస్‌కి ఒకటి కాకుండా నాలుగో ఎనిమిదో సమానమైన లన్లు ఇచ్చి, పైన వాల్యూమ్ మేనేజర్‌తోనో (చాలా లన్లని కలిపి ఒకటిగా చూపే సాఫ్ట్‌వేర్) ఒరాకిల్ ఏఎస్ఎంతోనో పరిస్తే బాగుంటుంది. లాగ్‌లు, అంటే డేటాబేస్ తన మార్పులు రాసుకునే ఫైళ్లు, వేరే లన్ మీద. ఫ్లాష్ మీద వేగం కోసం ఇది అంత ముఖ్యం కాకపోయినా, స్నాప్‌షాట్ తీసి డేటా మాత్రమే వెనక్కి తేవాలి, లాగ్ అలాగే ఉండాలి అన్నప్పుడు విడిగా ఉంటేనే కుదురుతుంది. అలా విడగొట్టినప్పుడు అన్నిటినీ ఒకే కన్సిస్టెన్సీ గ్రూపులో (అన్నిటికీ ఒకే క్షణంలో స్నాప్‌షాట్ తీసే గుంపు) పెట్టడం మర్చిపోకండి. డేటా లన్ స్నాప్‌షాట్ పది గంటలకి, లాగ్ లన్‌ది రెండు సెకన్ల తర్వాత తీస్తే ఆ రెండూ కలిపి డేటాబేస్‌ని లేపడం కష్టం.

పెంచడం తేలికే, వరస తెలిస్తే. ముందు అర్రే మీద పెంచాలి, సర్వర్‌లో ప్రతి పాత్‌నీ రీస్కాన్ చేయాలి, మల్టీపాత్ డివైస్ సైజు పెంచాలి, తర్వాత పార్టిషన్ ఉంటే అది, ఎల్‌వీఎం (లినక్స్ వాల్యూమ్ మేనేజర్) ఉంటే అది, చివర ఫైల్ సిస్టమ్. నాలుగు పాత్‌లలో మూడే రీస్కాన్ చేస్తే ఒకటి పాత సైజే చూపిస్తుంది, అక్కడ ఇరుక్కుంటారు. తగ్గించడం గురించి మాట్లాడకండి. ఎక్స్‌ఎఫ్ఎస్ అసలు మామూలుగా తగ్గదు, తగ్గే ఫైల్ సిస్టమ్ అయినా ముందు అర్రే మీద తగ్గించారంటే చివరి భాగం కోసేసినట్టే. చిన్న లన్ కొత్తగా తీసి డేటా మార్చుకోండి.

తీసేయడం మీద ఎవరూ శిక్షణ ఇవ్వరు, ప్రమాదమంతా అందులోనే. వరస తిరగబడాలి: ముందు అప్లికేషన్ ఆపాలి, అన్‌మౌంట్ చేయాలి, ఎల్‌వీఎంలోంచి తీయాలి, మల్టీపాత్ డివైస్ తీయాలి, కింద ఉన్న ఒక్కో డిస్కునీ సర్వర్ నుంచి తొలగించాలి, ఆ తర్వాతే అర్రే మీద అన్‌మ్యాప్, అంటే ఆ సర్వర్‌కి లన్ కనపడకుండా చేయడం, ఇందాకటి స్కజీ కమాండ్ కాదు. ముందే అర్రే మీద పీకేస్తే లినక్స్‌లో ప్రాసెస్‌లు చంపినా చావకుండా వేలాడతాయి, ఈఎస్ఎక్స్ఐలో ఆల్ పాత్స్ డౌన్ (దారులన్నీ పోయిన స్థితి) వస్తుంది, మామూలు సెట్టింగ్‌లో 140 సెకన్లు ప్రయత్నించి అప్పుడు చేతులెత్తేస్తుంది.

ఇంతకన్నా ఘోరం ఇంకోటి ఉంది. లన్ 5ని అర్రేలో తీసేశారు, సర్వర్‌లో పాత డివైస్ అలాగే ఉంది. వెంటనే వేరే వాల్యూమ్‌ని అదే సర్వర్‌కి లన్ 5గా మ్యాప్ చేశారు. సర్వర్‌కి అడ్రస్ అదే, లోపల డిస్కు వేరు. లినక్స్ కెర్నల్ లాగ్‌లో ఒక హెచ్చరిక రాస్తుంది, ఈ టార్గెట్‌లో (అర్రే వైపు) లన్ కేటాయింపులు మారాయి, స్కజీ లేయర్ వాటిని దానంతట అది సరిచేయదు అని. ఆ లాగ్ చదివేవాడు ఎవడు? పాత ఫైల్ సిస్టమ్ ఇంకా మౌంట్ అయి ఉంటే, మెమరీలో ఉన్న రాతలు కొత్త డిస్కు మీద పడే ప్రమాదం ఉంది. కాబట్టి సర్వర్ వైపు శుభ్రం అయ్యాకే ఆ నంబర్ మళ్లీ వాడండి. ఇంకా మంచి పద్ధతి, అన్‌మ్యాప్ చేసిన లన్‌ని వెంటనే డిలీట్ చేయకుండా కొన్నాళ్లు ఎవరికీ కనపడకుండా ఉంచండి. నెలాఖరు రిపోర్టు నడిచేదాకా ఆగితే "అయ్యో, అది మాదే" అనేవాళ్లు బయటపడతారు.

గుర్తింపు గురించి చెప్పి ముగిస్తాను. లినక్స్ సర్వర్‌లో డిస్కులకి కనిపించే ఎస్‌డీబీ, ఎస్‌డీసీ పేర్లని నమ్మకండి, రీబూట్‌కి మారిపోతాయి. విండోస్ డిస్క్ నంబర్ కూడా అంతే. ప్రతి లన్‌కి అర్రే ఇచ్చిన ఎన్ఏఏ ఐడీ అని పొడవాటి నంబర్ ఉంటుంది, అది రెండు వైపులా ఒకటే. తీసేముందు ఆ నంబర్‌ని అర్రే మీద, సర్వర్ మీద పక్కపక్కన పెట్టి, ఇద్దరు మనుషులు చూడాలి. సైజు చూసి "ఇదే అయ్యుంటుంది" అనకండి, ఒకే సర్వర్‌కి 500 జీబీ లన్లు ఎనిమిది ఉంటాయి. పేరు కూడా అర్థమయ్యేలా పెట్టండి, సర్వర్ పేరు, పని, వరస నంబర్. "న్యూలన్2ఫైనల్" అని పెట్టినవాడు సెలవులో ఉన్నప్పుడే దాన్ని పెంచాల్సి వస్తుంది. (నవ్వులు)

ప్రశ్నలు ఉంటే అడగండి.

ప్రశ్న: ఐస్కజీ వాడేవాళ్లకి కూడా ఇదంతా వర్తిస్తుందా సర్?

ఐస్కజీ అంటే మామూలు ఐపీ నెట్‌వర్క్ మీద నడిచే స్కజీయే కాబట్టి జోనింగ్ తప్ప మిగతాదంతా వర్తిస్తుందండి. డబ్ల్యూడబ్ల్యూపీఎన్ బదులు ఐక్యూఎన్ అనే పేరు ఉంటుంది, టార్గెట్ మామూలుగా 3260 పోర్టులో వింటుంది. జోనింగ్ లేదు కాబట్టి స్టోరేజ్‌కి విడిగా వీల్యాన్‌లు పెట్టండి, రెండు పాత్‌లకి రెండు వేర్వేరు సబ్‌నెట్‌లైతే మంచిది. చాప్ (అడుగుతున్న సర్వర్ అసలుదేనా అని సరిచూసే పద్ధతి) పాస్‌వర్డ్ పెట్టండి, ఎందుకంటే ఐక్యూఎన్ అనేది టైప్ చేసి మార్చగలిగే పేరు మాత్రమే. సర్వర్‌ని క్లోన్ చేసినప్పుడు ఐక్యూఎన్ కూడా క్లోన్ అవుతుంది, అది మార్చకపోతే కొత్త సర్వర్‌కి పాత సర్వర్ లన్లన్నీ కనిపిస్తాయి. ఇందాక ఒకే లన్ రెండు సర్వర్లకి కనిపిస్తే ఏమవుతుందో చెప్పాను కదా.

ప్రశ్న: ఎన్‌వీఎంఈ ఓవర్ ఫ్యాబ్రిక్స్ వచ్చాక లన్లే ఉండవంటున్నారు, మరి ఇవన్నీ నేర్చుకోవడం ఎందుకు?

ఎన్‌వీఎంఈ ఓవర్ ఫ్యాబ్రిక్స్ అంటే స్కజీ బదులు ఎన్‌వీఎంఈ భాషలో నెట్‌వర్క్ మీద స్టోరేజ్ వాడటం. దాని మొదటి స్పెసిఫికేషన్ 2016లో వచ్చింది, నిజమే, అందులో లన్ అనే మాట లేదు. లన్ బదులు నేమ్‌స్పేస్ ఉంటుంది, ఐక్యూఎన్ బదులు ఎన్‌క్యూఎన్, అలువా బదులు ఏఎన్ఏ. క్యూలు చాలా ఎక్కువ కాబట్టి నేను చెప్పిన క్యూ లోతు గొడవ బాగా తగ్గుతుంది, పెద్ద లన్లు తక్కువ సంఖ్యలో ఇచ్చినా నడుస్తుంది. కానీ పూల్ నిండటం అలాగే ఉంది, తప్పు సర్వర్‌కి కనపడటం అలాగే ఉంది, తీసేటప్పుడు వరస కూడా అలాగే ఉంది. పైగా మీ దగ్గరున్న పాత అర్రేలు ఇంకొన్నేళ్లు ఉంటాయి, రెండు రకాలూ ఒకే సర్వర్‌కి కలిపి వాడాల్సి వస్తే ఒకే నేమ్‌స్పేస్‌ని రెండు దారుల్లోనూ చూపించకండి, చాలా ప్లాట్‌ఫారమ్‌లు దాన్ని ఒప్పుకోవు. ఇంకో ప్రశ్నకి టైముందా? లేదంటున్నారు. బయట ఉంటాను, రండి.